ఊరిని అడగని రాజీ

కాలుష్యం చేసిన కంపెనీతో ప్రభుత్వం రాజీ పత్రం మీద సంతకం పెట్టేముందు, ఆ పత్రాన్ని నష్టపోయిన ఊరి గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. వచ్చిన సొమ్ము ఆ ఊరి నేలకు, నీటికి తప్ప మరో పద్దుకు మళ్లకూడదు. ఈ రెండు మాటలూ చట్టంలోకి ఎక్కాలి. రాష్ట్ర న్యాయశాఖ మంత్రి ఎన్‌.ఎం.డి.ఫరూక్‌ నంద్యాల శాసనసభ్యులే కనుక ముందుగా ఆయన్నే అడుగుతున్నాం.

నంద్యాలకు విషవాయువు కొత్త కాదు. 2020 జూన్‌ 27న ఎస్పీవై ఆగ్రో పరిశ్రమలో అమోనియా లీకై ఒకరు చనిపోయారు. అప్పటికి విశాఖ ఎల్జీ పాలిమర్స్‌ దుర్ఘటన జరిగి రెండు నెలలైనా కాలేదు. మే 7 తెల్లవారుజామున స్టైరీన్‌ పీల్చి అక్కడ 12 మంది ప్రాణాలు కోల్పోయారు. కేంద్ర పర్యావరణ అనుమతి లేకుండానే నడుస్తున్నామని ఆ కంపెనీయే 2019లో అఫిడవిట్‌లో ఒప్పుకున్నా అడిగిన నాథుడు లేడు. మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ఇచ్చింది రాష్ట్ర ఖజానా. కంపెనీని రూ.50 కోట్లు జమ చేయమన్నది జాతీయ హరిత ట్రైబ్యునల్‌. బాధితులకు వెంటనే సాయం అందడం మంచిదే. కానీ తప్పు చేసినవాడి బాకీని జనం పన్నుల్లోంచి తీర్చడం ఏ న్యాయం?

బేరం ప్రభుత్వానికే పూర్తిగా వదిలేస్తే ఏమవుతుందో భోపాల్‌ విషవాయు దుర్ఘటన చూపించింది. 1985 చట్టంతో బాధితుల తరఫున మాట్లాడే హక్కంతా కేంద్రం తీసుకుంది. 330 కోట్ల డాలర్లు కావాలని దావా వేసి, 1989 ఫిబ్రవరిలో 47 కోట్లకు ఒప్పుకుంది. ఊపిరితిత్తులు పాడైన మనుషుల్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు. చాలలేదని తర్వాత కేంద్రమే అదనంగా రూ.7,844 కోట్లు కోరితే, 2023 మార్చిలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

అమెరికాలోనూ ఇదే వరస. చమురు శుద్ధి కర్మాగారాలు పాడుచేసిన చిత్తడి నేలలకు ఎక్సాన్‌ నుంచి 890 కోట్ల డాలర్లు రావాలని వాదించిన న్యూజెర్సీ, 2015లో గవర్నర్‌ క్రిస్‌ క్రిస్టీ హయాంలో 22.5 కోట్లతో సరిపెట్టుకుంది. శుభ్రం చేసే ఖర్చు కంపెనీ విడిగా భరిస్తుందన్నారు, కోర్టు కూడా ఆమోదించింది. ఆ వాదనలో కొంత పస ఉంది. అయితే వచ్చిన దాంట్లో 5 కోట్లు మించిన సొమ్మును సాధారణ బడ్జెట్‌కు మళ్లించుకునే వీలు పెట్టుకోవడమే అసలు దుర్మార్గం. ఒళ్లుమండిన ఓటర్లు 2017 నవంబరులో రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించి, అలాంటి సొమ్ము పర్యావరణానికే వాడాలని కట్టుదిట్టం చేశారు.

మన దగ్గర సొమ్ము ఖజానాకు మళ్లకపోయినా ఖాతాలో నిద్రపోతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పర్యావరణ పరిహారం కింద వసూలు చేసిన నిధుల్లో సుమారు 80 శాతం ఖర్చే కాలేదని 2024లో ట్రైబ్యునల్‌ ముందు తేలింది. బావి చెడిన రైతుకు ఆ ఖాతా ఏ బ్యాంకులో ఉంటే ఏం లాభం?

ఇక నంద్యాల జిల్లాలోనే ఉన్న ఆళ్లగడ్డ సంగతి. 2019లో అక్కడి యాదవాడ దగ్గర యురేనియం అన్వేషణకు బోర్లు వేస్తుంటే గ్రామస్థులు అడ్డుతగిలారు. మాజీ మంత్రి హోదాలో భూమా అఖిలప్రియ కూడా వారితో గొంతు కలిపారు. ఇప్పుడు ఆమె అధికార పక్ష ఎమ్మెల్యే. ఆనాటి మాటను శాసనసభలో వినిపించాల్సిన సమయం ఇది. గ్రామస్థుల భయం ఊరికే పుట్టలేదు. పొరుగున కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల బోరునీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు ఎండాయని రైతులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. నీటిలోని యురేనియం గని వ్యర్థాల చెరువు నుంచి దిగిందని వారంటారు, భూమిలో సహజంగా ఉన్నదేనని గని నడిపే ప్రభుత్వ సంస్థ యూసీఐఎల్‌ అంటుంది. తవ్వకానికి ముందు నీళ్లెలా ఉండేవో చూపించే నమ్మదగిన లెక్క రైతు చేతిలో లేదు. లెక్క లేనివాడు పరిహారం బేరానికి కూర్చుంటే, ఎదుటివాడు చెప్పిందే ధర.

అందుకే చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఆళ్లగడ్డ మండలంలో ప్రతి ఊరి బావి, బోరు నీటినీ కంపెనీతో సంబంధం లేని ప్రయోగశాలలో ఇప్పుడే పరీక్ష చేయించాలి. యురేనియం, భారలోహాలు, ఫ్లోరైడ్‌ ఎంతెంత ఉన్నాయో పంచాయతీ కార్యాలయం గోడ మీద రాయించి, ఒక ప్రతిని కలెక్టరు సంతకంతో సర్పంచికి ఇవ్వాలి. ఆ పని పూర్తయ్యేదాకా యాదవాడలో ఏ బోరు బండీ దిగకూడదు.