చౌక ఫోను - వాయిదాల లెక్క

పండుగ వస్తే చాలు, కొత్త సెల్‌ఫోను వచ్చిందంటూ ప్రకటనలు హోరెత్తుతాయి. ముందు కొంత కట్టి, మిగతాది వాయిదాల్లో తీర్చుకోవచ్చంటే పల్లెల్లో ఆశ పుట్టడం సహజం. ఇటువంటి ఆశే 2021లో ఏమయిందో గుర్తు చేసుకోవడం మంచిది.

ఆ ఏడాది జూన్‌లో రిలయన్స్ సంస్థ, గూగుల్‌తో కలిసి జియోఫోన్ నెక్స్ట్‌ను తెస్తున్నట్టు ప్రకటించింది. 2017లో 1,500 రూపాయల డిపాజిట్‌కే జియోఫోన్ దొరికింది కనుక ఇదీ కారుచౌకగానే వస్తుందని చాలామంది ఎదురుచూశారు. వినాయక చవితికి రావలసింది దీపావళికి వచ్చింది. తీరా ధర 6,499 రూపాయలని తెలిసి పెదవి విరిచారు. ఇంచుమించు అదే ధరకు ఇతర కంపెనీల ఫోన్లు అప్పటికే బజారులో ఉన్నాయి.

వాయిదాల లెక్క వేరు. ఒక పద్ధతిలో ముందు 1,999, ప్రాసెసింగ్ ఫీజు 501, ఆపై నెలకు 300 చొప్పున 24 నెలలు. వెరసి 9,700 రూపాయలు. రొక్కం ధరకన్నా 3,201 ఎక్కువ. అందులో నెలకు 5 జీబీ ఇంటర్నెట్, 100 నిమిషాల కాల్స్ కలిసి ఉన్నమాట నిజమే. కాని ఫోనులోనే పాఠాలు వినే పిల్లలున్న ఇంట్లో 5 జీబీ ఏ మూలకు? చదువురానివారికి తెరమీది అక్షరాలను చదివి వినిపించే సౌకర్యం మాత్రం మెచ్చదగినది.

కూలిపని దొరకని నెలలోనూ వాయిదా ఆగదు. ముందు కట్టేది ఎంత అని కాక, చివరకు అయ్యేది ఎంత అని అడిగి కొనడమే మేలు.