పది గడుల కాగితం

 

కొన్ని నెలలుగా మీలో కొందరు తల్లిదండ్రులు, కొందరు పిల్లలు నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "అమెరికాలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చదవాలి. ఏ కోర్సులు తీసుకోవాలి?" నేను ఇంజనీరును కాను. బడిలో లెక్కలు చెప్పే టీచరును. కానీ నేను ఉండే ఊరు చాండ్లర్. ఇక్కడ ఈ ప్రశ్న గుడిలో వినిపిస్తుంది, కూరగాయల కొట్టులో వినిపిస్తుంది, పుట్టినరోజు విందులో కూడా వినిపిస్తుంది. అందుకే ఈ నెల పాఠం దాని గురించే.

ఎప్పటిలాగే చిన్న వాక్యాలు రాస్తాను. కొత్త మాట వస్తే అక్కడే అర్థం చెబుతాను. మీరు పైకి చదవండి.

చాండ్లర్ ఆరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ నగరం దగ్గర ఉంది. చుట్టూ ఎడారి. 1912లో అలెగ్జాండర్ చాండ్లర్ అనే పశువైద్యుడు ఈ ఊరికి పునాది వేశాడు. అప్పుడు ఇక్కడ పత్తి పండించేవారు, నిప్పుకోళ్లను పెంచేవారు. నిప్పుకోడి అంటే ఆస్ట్రిచ్ పక్షి. 1980లో ఇంటెల్ కంపెనీ ఈ ఊరికి వచ్చింది. 2021 సెప్టెంబరులో అదే కంపెనీ ఇక్కడ రెండు కొత్త చిప్ కర్మాగారాలకు శంకుస్థాపన చేసింది. శంకుస్థాపన అంటే కట్టడం మొదలుపెట్టే రోజు చేసే వేడుక. మైక్రోచిప్ టెక్నాలజీ కంపెనీ ప్రధాన కార్యాలయం కూడా మా ఊళ్లోనే ఉంది. మాకు ఉత్తరాన, ఆనుకుని టెంపీ నగరం ఉంది. ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ అక్కడే. హైదరాబాదు, విజయవాడ పిల్లలు ఆ యూనివర్సిటీకి చాలామంది వస్తారు. మన డర్బన్ పిల్లలు కూడా ఒకరిద్దరు వస్తున్నారు. వాళ్లలో మా చెల్లెలి కూతురు ఒకతె.

ముందు లెక్క చూద్దాం. ఆ యూనివర్సిటీలో మాస్టర్స్ డిగ్రీకి కనీసం 30 క్రెడిట్లు కావాలి. మామూలుగా ఒక కోర్సుకు 3 క్రెడిట్లు. 30ని 3తో భాగిస్తే 10. అంటే మీ చేతిలో ఉన్నవి పది కోర్సులు, అంతే. ఒక కాగితం మీద పది గడులు గీయండి. గడి అంటే చిన్న పెట్టెలాంటి గీత. ఆ పది గడుల్లో ఏం రాస్తారో అదే మీ చదువు. థీసిస్ రాయాలనుకుంటే దానికి మామూలుగా 6 క్రెడిట్లు పోతాయి. అప్పుడు మీకు మిగిలేవి ఎనిమిది గడులే.

పది గడులు నింపడం సులువే అనిపిస్తుంది. కానీ మన పిల్లలకు అది కొత్త. తెలుగు రాష్ట్రాల్లో జేఎన్‌టీయూ కింద బీటెక్ చదివిన పిల్లను అడగండి. ఏ సెమిస్టరులో ఏ సబ్జెక్టు చదవాలో దాదాపు అంతా యూనివర్సిటీయే రాసి ఇస్తుంది. ఎంచుకునేవి ఏవో కొన్ని ఉంటాయి. డర్బన్‌లో నాలుగేళ్లు చదివిన మా పిల్లకూ దాదాపు అంతే. వడ్డించిన విస్తరి ముందు కూర్చోవడం ఒకటి, వంటకు సరుకులు మనమే కొనుక్కోవడం ఇంకొకటి. మాస్టర్స్‌లో సరుకులు మనమే కొనాలి.

ఆ ఎంపికకు మూడు ప్రశ్నలు చాలు. ఒకటి, ఈ కోర్సుకు ముందు ఏం తెలిసి ఉండాలి? రెండు, ఇది ఎప్పుడు చెబుతారు? మూడు, ఇది నాకెందుకు?

మొదటి ప్రశ్న మీకు బాగా తెలుసు. ఎందుకంటే మీరు తెలుగు నేర్చుకుంటున్నారు. గుడి బడిలో మాకు మాస్టారు మొదటి రోజే "లక్ష్మి" అని రాయించలేదు. ఆ పేరులో రెండో అక్షరం చూడండి. క ఉంది, దాని కింద ష వత్తు, మ వత్తు, పైన గుడి. ముందు అక్షరాలు రావాలి, తర్వాత గుణింతాలు, ఆ తర్వాత వత్తులు. అప్పుడే "లక్ష్మి" వస్తుంది. ఇంజనీరింగ్‌లో కూడా అంతే. మొబైల్ సిగ్నళ్ల గురించి పెద్ద కోర్సు చదవాలంటే సంభావ్యత రావాలి. సంభావ్యత అంటే ఒక పని జరిగే అవకాశం ఎంత అని లెక్క కట్టే గణితం. సిగ్నల్‌తో పాటు వచ్చే గోలను ఆ లెక్కతోనే కొలుస్తారు. అందుకే ఆ కోర్సును మొదటి సెమిస్టరులో పెట్టుకోవాలి. చివరి సెమిస్టరులో పెట్టుకుంటే దానితో తెరుచుకునే తలుపులన్నీ అప్పటికే దాటిపోయి ఉంటాయి.

రెండో ప్రశ్నను చాలామంది అడగరు. కొన్ని కోర్సులు ఏడాదికి ఒక్కసారే చెబుతారు. ఆగస్టులో మొదలయ్యే కోర్సు తప్పితే మళ్లీ వచ్చే ఆగస్టు దాకా ఆగాలి. అందుకే కాగితాన్ని చివరి నుంచి నింపాలి. మీకు అన్నిటికన్నా కావలసిన పెద్ద కోర్సు ఏది? దాన్ని ముందు రాయండి. దానికి ముందు ఏది కావాలి? దాన్ని ఒక సెమిస్టరు వెనక్కి రాయండి. అలా వెనక్కి, వెనక్కి రండి. మొదటి సెమిస్టరులో ఏం తీసుకోవాలో కాగితమే చెబుతుంది.

మూడో ప్రశ్న కష్టమైంది. ఇది నాకెందుకు? చాండ్లర్‌లో అందరూ ఒకటే మాట అంటారు. "చిప్. ఇంకేం ఆలోచించకు." మన తెలుగులో ఒక సామెత ఉంది. "మంది మాట విని మారుమనువు పోతే, మళ్లీ వచ్చేసరికి ఇల్లు గుల్లయింది." మంది అంటే జనం. మారుమనువు అంటే రెండో పెళ్లి. గుల్ల అంటే లోపల ఏమీ లేనిది. నలుగురూ అన్నారని బయలుదేరితే ఉన్నది పోతుందని అర్థం. చిప్ వద్దని నేను అనను. కానీ చిప్ అంటే ఒక పని కాదు. చిప్‌లో ఏ తీగ ఎక్కడికి పోవాలో గీసేది డిజైన్ ఇంజనీరు. ఆ పనికి సర్క్యూట్ కోర్సులు కావాలి. ఆ గీతను సిలికాన్ పలక మీద నిజంగా తయారుచేసేది కర్మాగారంలోని ప్రాసెస్ ఇంజనీరు. ఆ పనికి భౌతికశాస్త్రం, పదార్థాల గుణాలు, గణాంకాలు కావాలి.

గణాంకాలు ఎందుకంటారా? లెక్కల టీచరును కదా, ఒక లెక్క ఇస్తాను. ఒక పలక వెయ్యి మెట్లు దాటాలి అనుకోండి. ప్రతి మెట్టులో నూటికి 99.9 పాళ్లు అంతా సరిగ్గానే జరుగుతుంది. మంచి మార్కులే కదా? ఇప్పుడు 0.999ని వెయ్యిసార్లు గుణించండి. వచ్చేది సుమారు 0.37. అంటే వంద పలకల్లో చివరికి మంచిగా మిగిలేవి 37. ఈ లెక్క చూడగానే కళ్లు మెరిసే పిల్లకు ప్రాసెస్ దారి నచ్చుతుంది. నిద్ర వచ్చే పిల్లకు వేరే దారి ఉంటుంది. ఊళ్లో కర్మాగారం ఉంది కాబట్టి మనకు ఆ పని నచ్చాలని లేదు.

ఇప్పుడు మా చెల్లెలి కూతురి సంగతి చెబుతాను. దక్షిణాఫ్రికాలో 2007 చివర్లో కరెంటు కోతలు మొదలయ్యాయి. మనం లోడ్ షెడ్డింగ్ అంటాం. తెలుగువాళ్లు కరెంటు కోత అంటారు. ఈ పిల్ల కొవ్వొత్తి వెలుగులో హోంవర్క్ చేస్తూ పెరిగింది. ఆమెకు పవర్ సిస్టమ్స్ చదవాలని ఉంది. అంటే కరెంటు పుట్టే చోటు నుంచి మన ఇంటి దాకా ఎలా వస్తుంది, ఎందుకు ఆగిపోతుంది అనే చదువు. కానీ ఆమె చదువు కోసం మా చెల్లెలు, మరిది ఇంటి మీద అప్పు తీసుకున్నారు. ర్యాండ్లలో సంపాదించి డాలర్లలో కట్టాలి. మరిది ఫోనులో ఒకటే మాట: "వదినా, చిప్ కోర్సులే తీసుకోమని చెప్పండి. అప్పు తీరాలి." ఆయన మాటలో తప్పేముంది? ఒక్క కోర్సు వృథా అయితే 3 క్రెడిట్ల డబ్బు వృథా.

పిల్ల ఒక ఆదివారం మా ఇంటికి వచ్చింది. "పెద్దమ్మా, నాన్న మాట వినాలా, నా మాట వినాలా?" అంది. "ముందు కాగితం మాట విను" అన్నాను. పది గడులు గీశాం. నాన్నగారి కోరికతో ఒక కాగితం నింపింది. తన కోరికతో ఇంకో కాగితం నింపింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. రెండు కాగితాల్లోనూ ఉన్నవి కొన్ని కనిపించాయి. పవర్ ఎలక్ట్రానిక్స్ అలాంటిదే. సోలార్ పలక నుంచి వచ్చే డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చే పెట్టె ఉంటుంది, ఇన్వర్టర్. దాని లోపల ఉండేవి సెమీకండక్టర్ పరికరాలే. అంటే పవర్ చదువుకూ చిప్ చదువుకూ మధ్య ఒక వంతెన ఉంది. ఇంకో సంగతి కూడా ఆమే చెప్పింది. చిప్ కర్మాగారంలో కరెంటు ఒక్క క్షణం తగ్గినా తయారవుతున్న సరుకు పాడవుతుంది. కాబట్టి అక్కడ కూడా కరెంటు తెలిసిన ఇంజనీరు కావాలి.

చివరికి ఆమె కాగితం ఇలా తయారైంది. పవర్ కోర్సులు ఐదు. సెమీకండక్టర్ పరికరాల కోర్సులు రెండు. గణితం రెండు: ఒకటి సంభావ్యత, ఇంకొకటి లీనియర్ సిస్టమ్స్. మొత్తం తొమ్మిది. పదో గడి ఖాళీ. "అదేంటి?" అని అడిగాను. "ఇక్కడికి వచ్చాక నాకు తెలిసేదాని కోసం" అంది. ఆ కాగితం ఫోటో తీసి నాన్నకు పంపింది. ఒక్కో గడి ఎందుకో ఫోనులో గంటసేపు చెప్పింది. మరిది చివరికి "సరే, నీకు కారణం ఉంది" అన్నాడు. "నాకు నచ్చింది" అని అనలేదు. ఆమెకు ఇంకా ఉద్యోగం రాలేదు. ప్రణాళిక ఉద్యోగానికి హామీ కాదు. కానీ ఇంటర్వ్యూలో "ఇది ఎందుకు చదివావు?" అని అడిగితే ఆమె దగ్గర జవాబు ఉంది.

నియమాలు కూడా కాగితం మీదే రాసుకోండి. విద్యార్థి వీసా మీద వచ్చిన మాస్టర్స్ పిల్లలు ఆ యూనివర్సిటీలో సెమిస్టరుకు 9 క్రెడిట్లు చదవాలి, అంటే మూడు కోర్సులు. అందులో పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివేది ఒక్కటే లెక్కకు వస్తుంది. మూడు సెమిస్టర్లకు తొమ్మిది కోర్సులు అయిపోతాయి. మిగిలిన ఒక్క కోర్సుకు నాలుగో సెమిస్టరు కావాలి, లేదా ఏదో ఒక సెమిస్టరులో నాలుగు చదవాలి. చివరి సెమిస్టరులో ఒక్క కోర్సే మిగిలితే తక్కువ చదవడానికి ముందే అనుమతి తీసుకోవాలి. సరాసరి గ్రేడు 3.0కు తగ్గకూడదు. బయటి కంపెనీలో శిక్షణ పనికి, సాధారణంగా, ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే అనుమతి వస్తుంది. అంటే మొదటి ఎండాకాలం. కానీ కంపెనీలు ఆ పనికి పిల్లలను చూసుకోవడం అంతకు చాలా ముందే మొదలుపెడతాయి. అప్పటికి మీ చేతిలో ఉండేవి మొదటి సెమిస్టరు మూడు కోర్సులే. అందుకే "మొదట సులువైనవి తీసుకో" అనే సలహాను నేను ఒప్పుకోను. మొదటి మూడింటిలో ఒక్కటైనా మీ దారి చెప్పేది ఉండాలి.

సగం క్రెడిట్లు అయ్యేలోపు ఈ ప్రణాళికను యూనివర్సిటీకి అధికారికంగా ఇవ్వాలి. సలహాదారు చూస్తారు, ఒప్పుకుంటారు. తర్వాత మార్చుకోవచ్చు, కానీ మళ్లీ అనుమతి కావాలి. అంటే అది ఒక ఒప్పందం. ఈ మాట మన ఇళ్లలో చిన్న మాట కాదు. మారిషస్‌కు 1834 నుంచి, ఫిజీకి 1879 నుంచి మనవాళ్లు ఒప్పందం మీదే వెళ్లారు. డర్బన్‌కు మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి 1860 నవంబరు 16న చేరింది. 1911 వరకు అలా నటాల్‌కు వచ్చినవాళ్లు లక్షా 52 వేల మంది. అగ్రిమెంటు అనే మాట నోళ్లలో నలిగి గిర్మిట్ అయింది. ఆ కాగితంలో ఏముందో చదవగలిగినవాళ్లు ఎంతమంది? వేలిముద్ర వేశారు, ఓడ ఎక్కారు. ఏ తోటకు పంపితే ఆ తోటకు వెళ్లారు.

నేటి విద్యార్థి కూలి కాదు. వాళ్ల కష్టంతో మన చదువును పోల్చను. కానీ ఒక్క విషయం చెబుతాను. వాళ్లకు దొరకనిది మనకు దొరికింది. కాగితం చదవడం వచ్చు. ప్రశ్న అడగడం వచ్చు. గడిలో ఏం రాయాలో మనమే రాయవచ్చు. అలాంటప్పుడు పక్కవాడి కాగితం చూసి రాస్తే ఎలా?

ఇక ఈ నెల హోంవర్క్. మీరు ఇంజనీరింగ్ చదవకపోయినా పరవాలేదు. ఒక కాగితం మీద పది గడులు గీయండి. వచ్చే రెండేళ్లలో తెలుగులో మీకు ఏం రావాలి? చివరి గడి ముందు నింపండి. "అమ్మమ్మ ఉత్తరం చదవాలి" అనవచ్చు, "గుడిలో నాలుగు మాటలు మాట్లాడాలి" అనవచ్చు. అక్కడి నుంచి వెనక్కి రండి. ప్రతి గడి కింద "ఎందుకంటే" అని మొదలుపెట్టి ఒక్క వాక్యం రాయండి. ఒక గడి ఖాళీగా ఉంచండి. ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు ఒప్పుకోకపోతే కారణం చెప్పండి, తెలుగులోనే.

వచ్చే నెల మళ్లీ కలుద్దాం. ఉంటాను.