ఆటగాండ్ర వేలము: వెలయు, విలువయు

ఒకప్పుడు ఒక ఊరి జట్టనగా ఆ ఊరి పడుచువాండ్రే. భీమునిపట్టణపు జట్టులో భీమునిపట్టణమువారును, అనకాపల్లి జట్టులో అనకాపల్లివారును ఆడుచుండిరి. గెలిచినను ఓడినను అది ఆ ఊరి బిడ్డల గెలుపోటములే. నేటి వృత్తిక్రీడలలో ఆ పద్ధతి లేదు. తెలుగు టైటాన్స్ అను కబడ్డీ జట్టు మనదని మనము చెప్పుకొనుచున్నాము. అయినను దానిలో పేరుగాంచిన కూతగాండ్రలో పలువురు ఢిల్లీ, మహారాష్ట్రము, ఉత్తరప్రదేశము మొదలగు చోట్లనుండి వచ్చినవారు. వారు మన ఊర బుట్టి పెరిగినవారు కారు. వేలమున పాడి తెచ్చుకొనబడినవారు.

ఇట్లు తెచ్చుకొనుట తప్పని మేము చెప్పబోవుట లేదు. కాని ఆ వేలములో పలికిన వెలలు మన విద్యార్థుల నోట పాఠములకంటె ఎక్కువగా నానుచున్నవి. ఫలానా ఆటగాడు ఇన్ని కోట్లవాడు, ఫలానావాడు ఇన్ని లక్షలవాడు అని చెప్పుకొనుచు, ఎక్కువ వెలగలవాడు ఎక్కువ మనుష్యుడనియు, అమ్ముడుపోనివాడు పనికిమాలినవాడనియు వారు తలంచుచున్నారు. ఈ తలంపు సరికాదని చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. వేలమునందు పలుకు వెల కొనువాని అక్కఱను, వాని సంచిలో మిగిలిన సొమ్మును తెలుపును. అమ్ముడుపోవువాని విలువను తెలుపుట దానికి సాధ్యము కాదు.

మన పట్టణమువారికి వేలమన నేమో వేఱుగా చెప్పనక్కఱలేదు. చేపల రేవునందు తెల్లవారుజామున మరబోట్లు ఒడ్డు చేరగానే పాట మొదలగును. వంజరము చేప రేవునకు విస్తారముగా వచ్చిన దినమున వెల తగ్గును; బోట్లు వట్టిచేతులతో తిరిగివచ్చిన దినమున వెల పెరుగును. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు తూర్పుతీరమున మరబోట్ల వేట నిషిద్ధమగుటచే ఆ దినములలో సముద్రపు చేప మఱింత ప్రియమగును. చేప మాత్రము ఆ చేపయే. దాని రుచియు మారలేదు, బరువును మారలేదు. మారినవి కొనువారి అవసరమును, సరకుయొక్క కొఱతయును మాత్రమే.

ప్రో కబడ్డీ లీగు 2014లో మొదలైనది. మొదట 8 జట్లుండెను. 2017 మొదలు 12 జట్లు ఆడుచున్నవి. ప్రతి జట్టువారికిని ఆటగాండ్రను కొనుటకు ఒక పరిమితమైన మొత్తము నిర్ణయింపబడును. 2023లో ఆ మొత్తము 5 కోట్ల రూపాయలు. ఎంతటి ధనికుడైన యజమానియైనను అంతకు మించి వ్యయము చేయరాదు. పాత ఆటగాండ్రలో కొందఱిని వేలమునకు ముందే నిలుపుకొనవచ్చును. ఇవిగాక, వేలమున ఇతరులు పాడిన కడపటి పాటకు సరియైన సొమ్మిచ్చి తమ పాతవానిని తిరిగి తీసికొను హక్కు ఒకటి కలదు. దానిని ఫైనల్ బిడ్ మ్యాచ్ అందురు.

ఇక పవన్ సెహ్రావత్ అను ఆటగాని చరిత్రను చూడుడు. ఈయన భారతదేశపు జట్టునకు నాయకత్వము వహించిన గొప్ప కూతగాడు. 2022లో తమిళ తలైవాస్ వారు ఈయనను సుమారు 2 కోట్ల 26 లక్షలకు పాడుకొనిరి. మొదటి ఆటలోనే మోకాలికి దెబ్బ తగులుటచే ఆ యేడు ఈయన మఱి ఆడలేదు. అయినను ఆ జట్టు సెమీఫైనలు వఱకు పోయెను. 2023లో మన టైటాన్స్ వారు ఈయనను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొనిరి. లీగు చరిత్రలో అప్పటివఱకు అంతటి వెల ఎవరికిని పలుకలేదు. ఆ యేడు టైటాన్స్ పట్టికలో అట్టడుగున నిలిచెను. 2024లో కడపటి పాటకు సరిపెట్టు హక్కుచే టైటాన్స్ వారు ఈయనను 1 కోటి 72 లక్షల 50 వేలకు తిరిగి తీసికొనిరి. 2025 వేలమునందు తలైవాస్ వారికి ఈయన 59 లక్షల 50 వేలకే లభించెను. ఆ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన విశాఖపట్టణమున లీగు ఆరంభమైనప్పుడు, మన జట్టునకు నిన్నటి నాయకుడు ఎదుటి జట్టున నిలిచి ఆడెను. ఈయన లేకయే, విజయ్ మాలిక్ నాయకత్వమున, టైటాన్స్ ఆ యేడు ప్లేఆఫ్ ఆటలకు చేరెను.

నాలుగేండ్లలో ఒకే మనుష్యునికి నాలుగు వెలలు. 2023లో ఈయన 2025నాటికంటె నాలుగింతల మనుష్యుడా? ఎంతమాత్రమును కాదు. ఆ యేడు ఒక జట్టువారికి పేరుగల నాయకుడు కావలసివచ్చెను. వారి సంచిలో సొమ్ముండెను. పోటీగా పాడువారును ఉండిరి. మఱొక యేడు ఈ మూడును అట్లు కూడిరాలేదు.

అంత గొప్ప ఆటగాడు వచ్చియు జట్టు అడుగున నుండుటకు కారణమేమని విద్యార్థులు అడుగవచ్చును. దెబ్బలు, అలవాటు, అదృష్టము మొదలగు కారణములు అనేకము లుండవచ్చును. కాని లెక్కల మాస్టరు చెప్పదగిన కారణము ఒకటి కలదు. 5 కోట్లలో సగముకంటె ఎక్కువ ఒక్కనికే పోయినప్పుడు తక్కినవారి కందఱకును సగముకంటె తక్కువ మిగులును. కబడ్డీ బరిలో ఏడుగురు నిలువవలెను. కూతకు పోవువాడొకడు ఎన్ని పాయింట్లు తెచ్చినను, ఎదుటి కూతగానిని ఒడిసిపట్టువారు లేనియెడల అవియన్నియు తిరిగిపోవును. మన ఉక్కు కర్మాగారమునకు బైలాడిల్లా కొండలనుండి ఇనుపరాయి వచ్చును, కోకు చేయదగిన బొగ్గు ఓడలపై విదేశములనుండి వచ్చును, సున్నపురాయియు కావలెను. సొమ్మంతయు మేలైన ఇనుపరాయికే వెచ్చించి బొగ్గు తేనివాని కొలిమిలో ఉక్కు కరగునా? జట్టు కూర్పును అట్టిదే.

వేలముచే జట్లను కూర్చుట మన దేశపు లీగులలో ప్రబలిన పద్ధతి. అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలుచు ఆటలో, అనగా కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చేతబట్టి పరుగెత్తు ఆటలో, వేఱొక పద్ధతి కలదు. దానిని డ్రాఫ్టు అందురు. కళాశాలలనుండి వెలువడు క్రొత్త ఆటగాండ్రను జట్లు వంతులవారీగా ఎన్నుకొనును. క్రిందటి యేడు అందఱికంటె హీనముగా ఆడిన జట్టునకు మొదటి వంతు. విజేతకు కడపటి వంతు. ఈ యేర్పాటును ప్రతిపాదించినవాడు ఫిలడెల్ఫియా జట్టు యజమానియగు బెర్ట్ బెల్. ధనికులైన కొన్ని జట్లవారే మంచివారి నందఱను కొనుచుండగా బీదజట్లు నానాటికి క్షీణించుచుండుటను జూచి ఆయన దీనిని కోరెను. మొదటి ఎంపిక 1936 ఫిబ్రవరిలో తొమ్మిది జట్లతో జరిగెను. 1994 మొదలు ఆ లీగువారు జీతముల మొత్తమునకును ఒక హద్దు పెట్టిరి.

ఆ మొదటి ఎంపికలో మొట్టమొదట పిలువబడిన పేరు జే బెర్వాంగర్. ఆయన చికాగో విశ్వవిద్యాలయపు విద్యార్థి. ఆ దేశపు కళాశాలా క్రీడాకారులలో అగ్రగణ్యుడు. ఫిలడెల్ఫియావారు ఆయనపై తమకుగల హక్కును చికాగో జట్టునకు మారకమిచ్చిరి. జీతము కుదురలేదు. ఆయన వృత్తిక్రీడలో ఒక్క ఆటయైనను ఆడక వేఱొక వృత్తి చేపట్టి, తరువాత సొంత పరిశ్రమను స్థాపించి గౌరవముగా జీవించెను. ఇది మొదటివాని కథ. 2000 సంవత్సరపు ఎంపికలో టామ్ బ్రేడీ అను యువకునికి ముందు 198 పేర్లు పిలువబడినవి. ఆయన ఆడిన జట్లు తరువాత ఏడుమార్లు విజేతలైనవి. 198 మార్లు ఆయనను దాటిపోయినవారందఱును ఆటలో పండితులే గదా! పండితులు పెట్టిన వరుసయే ఇట్లున్నప్పుడు, వెలను చూచి మనుష్యుని తూచుట పసివారికి ఎట్లు నేర్పుదుము?

మారకములను గూర్చి ఒక్కమాట. 1989 అక్టోబరులో డల్లాస్ జట్టువారు తమ మేటి ఆటగాడగు హెర్షెల్ వాకర్‌ను మిన్నెసోటావారికిచ్చి, బదులుగా కొందఱు ఆటగాండ్రను, రాబోవు డ్రాఫ్టులలో పెక్కు వంతులను పుచ్చుకొనిరి. ఆ యేడు డల్లాస్ 16 ఆటలలో ఒక్కటియే గెలిచెను. చూచువారు నవ్విరి. కాని ఆ వంతులతో పిన్నవయస్కులను తెచ్చి తీర్చిదిద్దుకొని ఆ జట్టు 1992, 1993, 1995 క్రీడాసంవత్సరములలో విజేతయయ్యెను. మేటివానిని కొన్నవారికి ఆ కోరిక నెరవేరలేదు. పేరును కొనుటకంటె పెంపకమునకు ఓర్చుట మేలని ఈ ఉదాహరణము మనకు తెలుపుచున్నది.

ఈ పద్ధతులలో మేము మెచ్చునది ఒకటి కలదు. సొమ్మునకు హద్దు పెట్టుటయు, ఓడినవానికి మొదటి వంతు ఇచ్చుటయు న్యాయమైన ఏర్పాట్లు. ఎదుటివాడు బలహీనుడై పడిపోయినచో ఆటయే లేదని ఆ వర్తకులు గుర్తించిరి. అట్లే ఈ లీగులు పేదయిండ్ల బిడ్డలకు చేసిన మేలును మేము కాదనము. పూర్వము కబడ్డీ ఆటగానికి రైల్వేలోనో, పోలీసులోనో చిన్న కొలువు దొరకుటయే మహాభాగ్యము. నేడు అట్టివాడు తలిదండ్రులకు ఇల్లు కట్టించుచున్నాడు. సంతోషింపదగిన విషయమే.

అయితే తలిదండ్రులు ఒక లెక్కను వేసికొనవలెను. కబడ్డీ లీగులో జట్లు 12. ఒక్కొక్క జట్టున 25 మందికి మించి ఉండరాదు. అనగా దేశమంతటను 300 మందికే చోటు. మన ఒక్క పాఠశాలలోని పిల్లలే అంతకంటె ఎక్కువమంది యున్నారు. ఎనిమిదవ తరగతిలోనే బిడ్డను బడి మాన్పించి శిక్షణశాలలో చేర్చ నుద్దేశించువారు ఈ సంఖ్యను ఒక కాగితముపై వ్రాసి ఇంటి గోడకు అతికించుకొనవలెనని మా మనవి.

మన విశాఖపట్టణపు బిడ్డయగు నితీశ్ కుమార్ రెడ్డి పేరును వారు మాకు బదులుగా చెప్పుదురు. చెప్పదగిన పేరే. హైదరాబాదు క్రికెట్ జట్టువారు 2025 సంవత్సరమునకు ఆయనను 6 కోట్లకు నిలుపుకొనిరి. కాని 2023, 2024 సంవత్సరములలో ఆయన ఆడినది 20 లక్షలకు. 2023లో ఆడుటకు దొరకిన ఆటలు రెండే. ఆ 20 లక్షల దినములలో ఆయన ఎవరో, ఆ 6 కోట్ల దినములలోను ఆయనయే. మధ్య జరిగినది సాధన. 2024 డిసెంబరులో మెల్బోర్న్ నగరమున టెస్టు ఆటలో ఆయన నూఱు పరుగులు చేసినప్పుడు ఆ బంతులను ఎదిరించినది ఆ సాధనయే. 6 కోట్లను చూచి బిడ్డను పంపువారు, ఆ రెండు ఆటల సంవత్సరమును భరించు ఓర్పు తమకును బిడ్డకును కలదా యని ముందుగా ప్రశ్నించుకొనవలెను.

ఇక ఉపాధ్యాయులమైన మనము చేయదగినదేమి? మన ఆటస్థలములో సాయంకాలము ఇద్దఱు నాయకులు ఎదురెదురుగా నిలిచి వంతులవారీగా పిల్లలను పిలుచుకొనుట వాడుక. ఇదియు ఒక డ్రాఫ్టే. బలిష్ఠుడు ముందుగా పిలువబడును. పొట్టివాడో, కళ్లజోడువాడో, క్రొత్తగా చేరినవాడో అందఱి యెదుట కడవఱకు నిలిచి, మిగిలినవాడు గనుక ఒక పక్షమున చేరును. ఆ నిలిచిన అయిదు నిమిషములలో ఆ బాలుడు నేర్చుకొను పాఠము మేము తరగతిలో చెప్పు పాఠములన్నిటికంటె లోతుగా నాటుకొనును.

కావున మేము మూడు మాటలు విన్నవించుచున్నాము. మొదటిది, జట్లను ఉపాధ్యాయుడు ముందుగానే కాగితముపై వ్రాసి చదువవలెను. ఎవరును మిగిలినవారుగా నిలువరాదు. రెండవది, క్రిందటి వారము ఓడిన పక్షమునకు, బెర్ట్ బెల్ ఏర్పాటునందువలె, మేలైన క్రొత్త ఆటగాడు దక్కవలెను. మూడవది, కూతకు పోవువానిని పొగడునప్పుడు వాని వెనుక గొలుసుగా చేయి పట్టి నిలిచినవారిని గూడ పేరు పెట్టి పొగడవలెను. ఈ మూడింటికి ఒక పైసాయైనను ఖర్చు లేదు.

ప్రియ విద్యార్థులారా! వృత్తిక్రీడలను చూడుడు, ఆనందింపుడు. మీలో శక్తిగలవారు పదవ తరగతి ముగించి ఆ త్రోవను పోవుదురేని మేము ఆశీర్వదించి పంపుదుము. వేలమునాడు మీ పేరు పిలిచినప్పుడు ఎవరైనను చేయి ఎత్తవచ్చును, ఎత్తకపోవచ్చును. ఎత్తినయెడల ఆ సొమ్మును జాగ్రత్తగా వాడుకొనుడు. ఎత్తనియెడల, ఆ దినమున రేవునకు చాల బోట్లు వచ్చినవని తెలిసికొని, మఱునాడు మరల బరిలోనికి దిగుడు.