చెప్పింది ఏ భాషల?

కరోనా కాలంల ఆదిలాబాద్ గూడాలల్ల తిరిగినప్పుడు అధికారుల నోట నేను ఎక్కువ ఇన్న మాట: "ఆదివాసులకు టీకా అంటే భయం, చెప్తే ఇనరు." చెప్పిందెవలు? ఏ భాషల?

2021 మే 1 నుంచి 18-44 ఏండ్లోళ్లకు టీకా అని కేంద్రం చెప్పింది. ముందుగాల కోవిన్ పోర్టల్‌ల పేరు ఎక్కియ్యాలె. అప్పటికి అది ఇంగ్లీషులనే ఉండె. సిగ్నల్ కోసం గుట్టెక్కెటోళ్లు ఏం జెయ్యాలె? మే నెలాఖరున సుప్రీంకోర్టు గూడ పల్లెటోళ్ల సంగతేందని అడిగింది. జూన్‌ల తెలుగు, మరాఠీ అసొంటి భాషలొచ్చినయ్. గోండి రాలే. 2011 జనాభా లెక్కల్ల గోండి మాట్లాడెటోళ్లు 29 లక్షలకు పైనే. అయినా ఎనిమిదో షెడ్యూల్‌ల దానికి జాగ లేదు.

కాని పనా ఇది? 1940లల్లనే మార్లవాయిల హైమన్‌డార్ఫ్ గోండు పిల్లలకు గోండిల చదువు మొదలువెట్టిచ్చిండు. నిజాం కాలంల అయింది ఇప్పుడెందుకు కాదు?

ఒక గూడెంల మైకు జీపొచ్చి తెలుగుల చెప్పిపోతే ఒక్కలు గూడ కదల్లే. ఆశా అక్క పటేల్ ఇంటి ముంగట కూసొని గోండిల చెప్పినంక ఒక ముసలవ్వ అడిగింది: "సూదేసుకుంటే జెరమెందుకొస్తది?" అడిగిందంటే నమ్మకం మొదలైనట్టే.

వానకాలం మలేరియా, డెంగీ జెరాలకు గూడ నాకు కనవడేది తెలుగు కరపత్రమే. తమ్మీ, చెల్లే, మీ చేతుల ఫోనుంది. జెరమొస్తే ఎటు పోవాలె, ఏం జెయ్యాలె, మీ భాషల రెండు నిమిషాలు రికార్డు చెయ్యుండ్రి. ఏఎన్ఎంకు ఇనిపిచ్చి, తప్పులు సరిజేసినంకనే పంపుండ్రి. ఐటీడీఏను గూడ అడుగుండ్రి: మా పానాల ముచ్చట మా మాటల ఎందుకు చెప్పరు?