బొమ్మల పుస్తకం లేని రాళ్లు

శిల్పి కార్నెలిస్ ఫ్లోరిస్ గీసిన సమాధుల నమూనాలను 1557లో ఆంట్వెర్ప్ నగరంలో హియరోనిమస్ కాక్ అచ్చువేశాడు. 1563లో హాన్స్ వ్రెడెమన్ ద వ్రీస్ నమూనాల సంపుటాన్నీ ఆయనే తెచ్చాడు. నేలమీది సమాధికైనా, చర్చి గోడకు అమర్చే స్మారకానికైనా స్తంభాలు, తోరణాలు, మానవాకృతులు, పేరు చెక్కడానికి ఫలకం అన్నీ ఆ కాగితాల మీదే సిద్ధం. ఆంట్వెర్ప్ ముఖం చూడని శిల్పులు కూడా బాల్టిక్ తీరందాకా ఆ శైలిలో చెక్కగలిగారు. 1566లో అల్లరిమూకలు ఆ నగరపు చర్చిల్లోని విగ్రహాలను పగలగొట్టాయి. అచ్చుబొమ్మలు మాత్రం నేటికీ మిగిలాయి.

అలాంటి నమూనా బొమ్మలేవీ లేని స్మారకాలు మన దగ్గరా ఉన్నాయి. మన సీలేరు నదికి ఎగువన మాచ్‌ఖండ్ అని పేరు. ఆ కొండల్లో గదబ గిరిజనులు చనిపోయినవారికి రాళ్లు నిలుపుతారు. మరణించిన ఎన్నో ఏళ్లకు, బంధువులందరూ కలిసి, గేదెలతో గోతర్ అనే పెద్ద కర్మ జరుపుతారు. ఆ గేదెల్లోనే చనిపోయినవారు ఉన్నారని భావించి వాటికి అన్నం పెట్టి, కన్నీళ్లతో సాగనంపుతారు. రాళ్ల మీద చెక్కడం ఉండదు, పేరు ఉండదు. ఊరి నడుమ పెద్దలు సమావేశమయ్యే సదర్‌లోనూ అలాంటి రాళ్లుంటాయి. పూర్వీకుల నడుమ కూర్చునే ఊరు తగవులు తీర్చుకుంటుంది. 1943లో మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఈ ఆచారం గురించి రాశారు.

గోడమీది ఫలకం ఒక్క మనిషి హోదాను చాటుతుంది. సదర్‌లోని రాయి మొత్తం ఊరి బంధుత్వాన్ని నిలుపుతుంది. ఈ రెండో పద్ధతిని తక్కువగా చూడటం మన అజ్ఞానమే. కానీ దీనికి నమూనా పుస్తకం లేదు. ఏ రాయి ఎవరిదో పెద్దల జ్ఞాపకంలోనే ఉంది. ఆ నదిపైనే 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ ఉత్పత్తి మొదలైంది. జలపుట్ జలాశయం కింద ఊళ్లు మునిగాయి. దిగువన బలిమెల, సీలేరు ప్రాజెక్టులు వచ్చాయి. మన ఇళ్లలో వెలిగే దీపాల్లో ఆ లోయల త్యాగం ఉంది. ఊరు చెదిరితే రాయి ఒంటరిదవుతుంది. దాని కథ చెప్పే మనిషి మరో చోట కూలికి పోతాడు.

ఈ రాళ్లను పెకలించి మ్యూజియంలో పెట్టమని మేం కోరడం లేదు. అవి ఉన్నచోటే ఉండాలి. పెద్దల అనుమతితో, వారి భాషలోనే, ఊరూరా వివరాలు నమోదు చేయాలి. ఎవరికీ చెప్పకూడదన్న సంగతిని అడగకూడదు. ఈ పనికి గదబ యువతే ముందుండాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయ మానవశాస్త్ర విభాగం, పాడేరు ఐటీడీఏ వారికి జీతమిచ్చి, శిక్షణనిచ్చి తోడు నిలవాలి. తయారైన పుస్తకం మొదటి ప్రతి ఆ ఊరికే చేరాలి.