డిగ్లీపూర్ నేర్పిన పాఠం: వృత్తి ఆరోగ్య రక్షణ దయాధర్మం కాదు, హక్కు



కార్మికుని ఆరోగ్యం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా పాలకులు ఆసుపత్రుల లెక్క చెబుతారు. ఇన్ని పడకలు, ఇందరు వైద్యులు, ఇన్ని కార్డులు అని ఏకరువు పెడతారు. ఆ లెక్కను మేము కాదనడం లేదు. రైల్వే ఆసుపత్రుల వల్ల, కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం వల్ల లక్షలాది కుటుంబాలకు ఆసరా లభిస్తున్న మాట నిజమే. అయితే జబ్బు చేసిన తరువాత వైద్యం చేయడం వేరు, చేసే పని వల్ల జబ్బు రాకుండా కాపాడడం వేరు. మొదటిది వైద్యశాల బాధ్యత. రెండవదే వృత్తి ఆరోగ్య సేవ. మొదటిదానిని చూపించి రెండవదానిని ఎగవేయడం ఏళ్ల తరబడి సాగుతున్నది. ఈ ఎగవేతకు కార్మికుడు ఎంత మూల్యం చెల్లిస్తాడో తెలుసుకోవడానికి ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ చరిత్ర చాలు.

డిగ్లీపూర్ పోర్ట్ బ్లెయిర్‌కు రోడ్డు మార్గాన సుమారు మూడువందల కిలోమీటర్ల దూరంలో ఉన్నది. పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమని పేరు మార్చారు గాని దూరం మారలేదు. వరిపొలాలు, అడవి, ఏరియల్ బే రేవు, దీర్ఘమైన వర్షకాలం, ఇదీ అక్కడి బ్రతుకు. 1988 నుండి ఆ దీవులలో వానలు వెనుకపట్టిన తరువాత ఒక జ్వరం చెలరేగుతూ వచ్చింది. ఒళ్లునొప్పులతో మొదలై, కొందరికి దగ్గులో రక్తం పడి, ప్రాణాల మీదికి తెచ్చేది. దానిని అండమాన్ రక్తస్రావ జ్వరమన్నారు. ఆ పేరు ఊరిని చెప్పింది, లక్షణాన్ని చెప్పింది గాని కారణాన్ని చెప్పలేదు. 1993లో డిగ్లీపూర్‌లో అది విజృంభించినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం జరిపిన పరిశోధనలో అది లెప్టోస్పైరోసిస్ అని తేలింది. జనం ఎలుక జ్వరమని పిలిచేది దీనినే. ఎలుకల, పశువుల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా, బురద ద్వారా, కాలి పగుళ్లలో నుండి, గాయాలలో నుండి ఆ క్రిమి ఒంట్లో ప్రవేశిస్తుంది.

అనగా ఇది బురదలో పనిచేసే వాని జబ్బు. ఈ సంగతి ఊహ కాదు. అండమాన్ దీవులలో ప్రమాదానికి ఎక్కువగా గురయ్యే వృత్తులవారి రక్తాన్ని పరీక్షించిన అధ్యయనమొకటి 2006లో వెలువడినది. వ్యవసాయ పనివారిలో 62.5 శాతం మందికి, మురుగు కాల్వల పనివారిలో 39.4 శాతం మందికి, అటవీ కార్మికులలో 27.3 శాతం మందికి ఆ అంటు సోకిన ఆనవాళ్లు కనిపించాయి. అటువంటి వృత్తులలో లేనివారిలో అది 14.7 శాతం మాత్రమే. వృత్తికీ వ్యాధికీ గల సంబంధానికి ఇంతకంటె సాక్ష్యం ఏమి కావాలి? ఆ పరీక్షలో రైతు ఉన్నాడు, పాకీపనివాడున్నాడు, కసాయి ఉన్నాడు. అదే బురదలో ఉత్తరాల సంచితో నడిచే తపాలా బంట్రోతుకు మాత్రం విడిగా ఒక గడి లేదు.

శాస్త్రజ్ఞులు తమ పని తాము చేశారు. వారానికొకసారి డాక్సీసైక్లిన్ మాత్ర ఇచ్చి ఉత్తర అండమాన్‌లో 782 మందిపై జరిపిన ప్రయోగ ఫలితాలను 2000 సంవత్సరంలో ప్రకటించారు. మాత్ర వల్ల అంటు సోకడం ఆగదు గాని జబ్బు, మరణాలు తగ్గుతాయని అందులో తేలింది. కనుక మాత్ర ఒక్కటే చాలదు. నీటిలో దిగే కాలికి బూటు కావాలి, పుండుకు కట్టు కావాలి, వానకాలానికి ముందే హెచ్చరిక కావాలి, జ్వరం తగిలిన మొదటి రోజుననే "నీవు చేసే పని ఏమి?" అని అడిగే వైద్యుడు కావాలి. ఆ ప్రశ్న వేయమని ఇటలీ వైద్యుడు రామజ్జినీ 1700లోనే తన తోటి వైద్యులకు బోధించాడు. మూడువందల ఏళ్లు దాటినా మన చీటీలపై ఆ ప్రశ్నకు చోటు లేదు!

ఇక చట్టం సంగతి చూడండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ తన వృత్తి వ్యాధుల జాబితాలో లెప్టోస్పైరోసిస్‌ను చేర్చింది. మన 1948 కర్మాగారాల చట్టం తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధులుగా పేర్కొన్న 29 వ్యాధులలో అది లేదు. 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కూడ ఆ 29 వ్యాధుల పట్టికనే తలకెత్తుకున్నది. అంతేకాదు, ఈ కోడ్ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలకు వర్తించదని దాని మొదటి సెక్షన్‌లోనే వ్రాసుకున్నారు. ఆ కార్యాలయాలలోని కాంట్రాక్టు కార్మికులకు మాత్రం వర్తిస్తుందట. తపాలా కార్యాలయం కూడ "కార్యాలయమే" కదా అని రేపు ఎవరూ వాదించరని హామీ ఏది? ప్రైవేటు యజమానికి నీతులు బోధించే ప్రభుత్వం తాను యజమానియైన చోట తప్పించుకొనుటకు తలుపు తెరిచి పెట్టుకున్నది. గ్రామీణ డాక్ సేవకుని దుస్థితి మరీ ఘోరం. అతనికి శాఖోద్యోగి హోదా లేదు, కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు లేదు. బురద మాత్రం అందరికీ సమానమే.

రైల్వే సోదరులు ఇది తమ గొడవ కాదనుకోరాదు. రైల్వేలో నియమిత కాలాలలో వైద్య పరీక్ష జరుగుతున్నదని అధికారులు గర్వంగా చెబుతారు. రన్నింగ్ సిబ్బందికి 45 ఏళ్ల వరకు నాలుగేళ్లకొకసారి, ఆపైన 55 వరకు రెండేళ్లకొకసారి, తరువాత ఏటేటా పరీక్ష ఉన్నది. మంచిదే. కాని ఆ పరీక్ష ప్రధానంగా దేనికోసం? సిగ్నల్ కనిపిస్తున్నదా అని బండి క్షేమం కోసం. ఇంజను రొద వల్ల డ్రైవరు చెవి ఎంత దెబ్బతిన్నది, రాత్రి డ్యూటీల వల్ల నిద్ర ఎంత చెడినది, పట్టాల మీద గ్యాంగ్‌మన్ నడుము ఎంత వంగినది అని అడగడం కోసం కాదు. కన్ను చెడితే పనికిరావంటారు గాని, పనివల్ల ఏది చెడినదో లెక్క వ్రాయరు. 1974 మే సమ్మెకు దారితీసిన కోర్కెలలో పని గంటల సమస్య ఎందుకు ముందు నిలిచినదో పాతతరం వారికి చెప్పనక్కరలేదు. పోర్ట్ బ్లెయిర్ నుండి డిగ్లీపూర్‌కు సుమారు 240 కిలోమీటర్ల రైలుమార్గం ప్రతిపాదన 2017లో ముందుకు వచ్చింది. అది కార్యరూపం దాల్చిన నాడు ఆ కట్ట పోసేవారు, ఆ పట్టాలు కాచేవారు నిలబడేది అదే బురదలో.

డబ్బు లేదనీ, ప్రతి చిన్న ఆఫీసుకూ వైద్యుని పెట్టలేమనీ అంటారు. ఎవరడిగారు? అంతర్జాతీయ కార్మిక సంస్థ 1985లో ఆమోదించిన 161వ ఒడంబడిక ఈ చిక్కును ఆనాడే విప్పింది. వృత్తి ఆరోగ్య సేవను ఒక సంస్థకు విడిగా గాని, అనేక సంస్థలకు ఉమ్మడిగా గాని ఏర్పరచవచ్చునన్నది. ప్రభుత్వ రంగంతో సహా కార్మికులందరికీ క్రమంగా విస్తరింపజేయాలన్నది. పరీక్షలు ఉచితంగా, జీతం కోత లేకుండా, వీలైనంత వరకు పని వేళలలోనే జరగాలన్నది. సెలవు నిజమా అబద్ధమా అని తేల్చే పని ఆ సిబ్బందికి అప్పగించరాదన్నది. ఈ ఒడంబడికను మన ప్రభుత్వం నేటికీ ధ్రువీకరించలేదు. కార్మికుని ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1995లోనే ఆస్‌బెస్టాస్ కేసులో తీర్పు చెప్పింది. తీర్పు ఉన్నది, శాస్త్రం ఉన్నది, మార్గం ఉన్నది. లేనిది పాలకులకు మనసు మాత్రమే.

కనుక మా కోర్కెలు ఇవి. 161వ ఒడంబడికను వెంటనే ధ్రువీకరించాలి. ప్రభుత్వ కార్యాలయాలకు ఇచ్చిన మినహాయింపును కోడ్ నుండి తొలగించాలి. లెప్టోస్పైరోసిస్‌ను వృత్తి వ్యాధుల పట్టికలో చేర్చాలి. డిగ్లీపూర్ వంటి చోట తపాలా, ప్రజా పనులు, అటవీ, విద్యుత్తు, రేవు కార్మికులందరికీ ఒకే ఉమ్మడి వృత్తి ఆరోగ్య కేంద్రం నెలకొల్పాలి. డాక్ సేవకులను, కాంట్రాక్టు కార్మికులను అందులో మినహాయింపు లేకుండా చేర్చాలి. రైల్వే వైద్య పరీక్షలో పనివల్ల కలిగే నష్టాన్ని నమోదు చేసి, ఆ నకలు ఉద్యోగి చేతికి ఇవ్వాలి.

ఇవి నెరవేరే వరకు మన శాఖలు చేతులు ముడుచుకొని కూర్చోరాదు. ప్రతి శాఖా ఒక పుస్తకం తెరవాలి. ఎవరు ఏ పనిలో ఉన్నారు, ఏ జబ్బు చేసింది, ఎన్ని రోజులు మంచం పట్టారు, చికిత్సకు ఎంత దూరం పోయారు అని నెలనెలా వ్రాయాలి. అధికారి చేయని లెక్క మనమే చేసి, సంప్రదింపుల బల్ల మీద పెట్టాలి. డిగ్లీపూర్ జ్వరానికి అసలు కారణం బయటపడడానికి ఐదేళ్లు పట్టింది. మన పనిచోట్లలో పేరు లేకుండా మిగిలిపోయిన జబ్బులెన్నో ఆ పుస్తకాలు తెరిస్తేనే తెలుస్తుంది.