మా ఎంక్వయిరీ ఎప్పుడు ముగుస్తుంది?

'పాకిస్తాన్ పొండి' అని మమ్మల్ని తిట్టేవాళ్లకు ఒక చిన్న సంగతి తట్టినట్టు లేదు. పాకిస్తాన్ పోవాలన్నా పాస్‌పోర్టు కావాలి. దానికి అర్జీ పెట్టుకుంటే ఎంక్వయిరీకి వచ్చినాయన 'పాకిస్తాన్‌లో మీకెవరున్నారు?' అని అడుగుతాడు. వీధిలో పొమ్మంటారు. గడపలో, పోతారేమోనని అనుమానిస్తారు. ఈ రెండు మాటల మధ్య మా బతుకులు నలుగుతున్నాయి.

ఇది ఇవాళ్టి చిక్కు కాదు. 1948 జూలైలో పశ్చిమ పాకిస్తాన్ నుంచి వచ్చేవాళ్లకు పర్మిట్లు పెట్టారు. 1952 అక్టోబరులో రెండు దేశాల మధ్య పాస్‌పోర్టు, వీసా వచ్చాయి. అక్క ఇంటికో మామూ ఇంటికో పోయినట్టు పోయినవాళ్లు పరాయి దేశానికి పోయినవాళ్లయ్యారు. తిరిగి రావడానికి కొందరికి దొరికింది పాకిస్తాన్ పాస్‌పోర్టే. అది పట్టుకుని సొంత ఊరికి వీసా మీద చుట్టాల్లా వచ్చారు. గడువు దాటగానే విదేశీయులన్నారు. అలాంటి ఒకతని మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా పోయింది. అతని పౌరసత్వం సంగతి ముందు కేంద్రం తేల్చాలని 1961లో కోర్టు ఆ అప్పీలును కొట్టేసింది. మరుసటి ఏడాదే, వేరే కేసులో, పాకిస్తాన్ పాస్‌పోర్టు తీసుకోవడమే ఆ దేశ పౌరసత్వం పుచ్చుకున్నట్టు తిరుగులేని రుజువనే 1956 నాటి నిబంధనను అదే కోర్టు సమర్థించింది. ఎందుకు తీసుకున్నావన్న ప్రశ్నకు చోటే లేకుండా పోయింది. ఇల్లు చేరడానికి పట్టుకున్న కాగితం ఇంటినే పోగొట్టింది.

1967లో పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. విదేశాలకు పోవడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని అదే ఏడాది సుప్రీంకోర్టు చెప్పింది. 1978లో మేనకా గాంధీ కేసులో, మనిషి మాట వినకుండా పాస్‌పోర్టు లాక్కోవడం న్యాయం కాదంది. ఢిల్లీలో పుట్టిన ఆ తీర్పు మా గల్లీకి ఇంకా చేరలేదు.

ఊళ్లో అద్దెకు ఇల్లివ్వరు గనక మేం మా బస్తీల్లోనే ఉంటాం. బస్తీలో ఉంటాం గనక 'సమస్యాత్మక ప్రాంతం' వాళ్లమవుతాం. ధర్నాలోనో జులూస్‌లోనో ఎప్పుడో పేరు రాసుకుని ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది. క్రిమినల్ కోర్టు ముందు విచారణలో ఉన్న కేసును చట్టం అడ్డంకి అంటుంది. ఉత్త ఎఫ్‌ఐఆర్‌ను అనదు. కేసు నడుస్తున్నా కోర్టు అనుమతితో పాస్‌పోర్టు ఇవ్వొచ్చని 1993 నోటిఫికేషన్ చెబుతోంది. ఈ సంగతి మా పిల్లలకు ఎవరూ చెప్పరు. చాయ్‌పానీ సంగతి మాత్రం అందరూ చెబుతారు.

ఇక పేరు. మహమ్మద్ అనే ఒక్క పేరుకు ఆధార్‌లో ఒక స్పెల్లింగు, పదో తరగతి మెమోలో ఇంకొకటి, ఓటరు కార్డులో 'ఎండీ' అని రెండే అక్షరాలు. రాసింది గుమాస్తాలు. అనుమానం మా మీద. ఇంటిపేరు లేని మా అవ్వలకు ఒంటి పేరే. ఒంటి పేరు పాస్‌పోర్టు మీద విజిట్ వీసాలు చెల్లవని 2022 నవంబరులో యూఏఈ ప్రకటించింది. మా అమ్మలు పెట్టిన పేరు విమానమెక్కడానికి చాలలేదు.

సెక్యులర్ మిత్రులారా! పాస్‌పోర్టు అనగానే మీకు అమెరికా వీసా గుర్తొస్తుంది. మాకు కఫీల్ గుర్తొస్తాడు. పాతబస్తీ నుంచి, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి, కడప నుంచి గల్ఫ్ పోయేవాళ్లలో మేమూ ఉన్నాం, దళితులూ బీసీలూ ఉన్నారు. పది పాసు కానివాడి పాస్‌పోర్టు ఈసీఆర్. 2018 జనవరిలో ఆ పుస్తకాలకు నారింజ రంగు అట్ట వేస్తామన్నారు. చదువు లేనివాడు విమానాశ్రయంలో దూరం నుంచే కనబడాలన్నమాట. గొడవయ్యాక ఆ నెలలోనే వెనక్కి తీసుకున్నారు. ఆ ఆలోచన ఎలా పుట్టిందని మాత్రం ఎవరూ అడగలేదు.

అక్కడ దిగగానే పాస్‌పోర్టు కఫీల్ బీరువాలోకి పోతుంది. మన చట్టం 17వ సెక్షను ప్రకారం పాస్‌పోర్టు ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వ ఆస్తి. అంటే భారత ప్రభుత్వ ఆస్తిని అరబ్బు సేఠ్ తాళం వేసి దాచుకుంటున్నాడు. అదే ఆస్తిని మేం పోగొట్టుకుంటే పోలీసు రిపోర్టు, అఫిడవిట్, 1500కు బదులు 3000 రుసుము, పైగా 'ఎవరికమ్మావ్?' అన్న ప్రశ్న. సేఠ్‌ను ఎవరడిగారు? కొట్టే ఇంటి నుంచి పారిపోయి వచ్చిన ఖద్దామాకు చివరికి దొరికేది ఔట్‌పాస్. ఒక్కసారి ఇంటికి రావడానికి పనికొచ్చే కాగితం. అది కూడా ఎన్నో రోజులు తిరిగాక. మతం ఒకటైనా కఫీల్ మా బిరాదరీ కాదు. 'అరబ్బు దేశాలు మీవేగా' అనేవాళ్లు ఆ బీరువా చూసి మాట్లాడాలి.

మతం పేరెత్తేది మేమేనంటారు. చట్టాన్నే చదవండి. సరైన పాస్‌పోర్టు లేకుండా 2014 చివరికల్లా బంగ్లాదేశ్, పాకిస్తాన్‌ల నుంచి వేధింపులకు భయపడి వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు, క్రైస్తవులకు 2015 సెప్టెంబరులో మినహాయింపు ఇచ్చారు. 2019లో పౌరసత్వ చట్టమే ఆ దారి పట్టింది. 2025లో ఆ మినహాయింపు గడువును 2024 చివరిదాకా జరిపారు. తరుముకొచ్చినవాళ్లకు నీడ ఇవ్వడం మాకు అభ్యంతరం కాదు. నీడకు మతాల జాబితా రాసి, అందులో ఒక్క పేరు వదిలేయడమే మా అభ్యంతరం. అది బయటివాళ్ల సంగతి, మీకేం భయమంటారు. ఆ జాబితా చదివే పోలీసే కదా రేపు మా గడపకు వచ్చేది!

దేశభక్తికి సర్టిఫికెట్ ఇమ్మని మేం అడగడం లేదు. మూడు తరాలుగా మా ఇళ్లకు ఎంక్వయిరీ వస్తూనే ఉంది. ప్రశ్నలన్నీ వాళ్లవే, జవాబులన్నీ మావే. ఇప్పుడు మేమూ అడుగుతాం. కఫీల్ బీరువాలోని మీ ఆస్తిని ఎప్పుడు విడిపిస్తారు? ఎఫ్‌ఐఆర్ చూసి ఫైలు ఆపే అధికారం ఎవరిచ్చారు? పాస్‌పోర్టు నిరాకరిస్తే కారణం రాతలో పెట్టాలని, అడిగితే నకలు ఇవ్వాలని చట్టం 5వ సెక్షనులో ఉంది. దేశ భద్రత పేరు చెప్పి ఇవ్వకుండా ఉండే వెసులుబాటూ అందులోనే ఉంది. ఆ వెసులుబాటు మా ఒక్కరి కోసమే రాశారా? పాస్‌పోర్టు ఆగిన ప్రతి తమ్ముడూ, ప్రతి చెల్లే చాయ్‌పానీ మానేసి ఒక తెల్లకాగితం తీసుకోండి. మా గురించి ఏం రాశారో నకలు ఇవ్వండని రాయండి. కింద పేరు పూర్తిగా రాయండి, 'ఎండీ' అని కాదు.